మా అవ్వ ఎప్పుడూ అనని మాటలు

ఇన్నేళ్ళుగా నేను చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. మా అవ్వ మాట్లాడేది కాదు. మూగది కాదు, చెవుడూ లేదు. ఊరికే మాట్లాడేది కాదు, అంతే. మామూలు రోజుల్లో పది పన్నెండు మాటలు, పండగొస్తే ఇరవై. నా కథల పుస్తకాలు చదివినవాళ్ళకూ, నేను మాటలు రాసిన సినిమాలు చూసినవాళ్ళకూ, ముఖ్యంగా టీవీలో నా ఇంటర్వ్యూలు చూసినవాళ్ళకూ ఇది మింగుడు పడదు. ఈ చిత్తూరు మాట, ఈ ఎత్తిపొడుపు మీకు ఎక్కడినుంచి వచ్చాయని అడిగిన ప్రతివాళ్ళకూ నేను చెప్పిన జవాబు ఒకటే: "మా అవ్వ దగ్గర్నుంచి." అది అబద్ధం. ఆ మాటలు పాకాల రైల్వే స్టేషన్ ఎదురుగా టెలిఫోన్ బూత్ నడిపిన మునిరత్నం అనే మనిషివి. అవ్వ పోయి చాలాకాలమైంది. మునిరత్నం మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. నా ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

సినిమా పని ఇప్పుడు ముప్పాతిక వంతు ఫోన్లోనే జరిగిపోతోంది కాబట్టి నేను హైదరాబాదు వదిలేసి తిరుపతిలో ఇల్లు తీసుకున్నాను. మొన్న వానలు మొదలైన రోజుల్లో ఆ ఇంటికి హేమావతి అనే అమ్మాయి వచ్చింది. నగరిలో మగ్గాలు నడిపే ఇంటి పిల్ల. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వస్తూనే గుమ్మంలోంచి "సార్!" అని పిలిచిన పిలుపుకు పక్కింటాయన కూడా బయటికి వచ్చాడు. "ఏమనుకోవద్దు సార్, మగ్గాల సప్పుట్లో పెరిగినోళ్ళం, మెల్లగా మాట్లాడేది రాదు" అని తనే నవ్వింది. పరిశోధన నా మీదే. సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. నేను ఇన్నేళ్ళలో ఇచ్చిన ఇంటర్వ్యూలన్నీ విని, అక్షరం పొల్లుపోకుండా రాసుకొచ్చింది. చదివి, అన్నీ నిజమేనని సంతకం పెట్టాలట.

"ఒక అధ్యాయమంతా మీ అవ్వే సార్. పేరు కూడా పెట్టేసినా. 'అవ్వ నోటి కథనం.' మీ ఊరికి పొయ్యి, ఆమెను ఎరిగిన పెద్దోళ్ళను కలిసి, వాళ్ళ మాట కూడా రికార్డు చేసుకోనొస్తా."

"ఆ ఊరికి బస్సు సరిగ్గా లేదమ్మా" అన్నాను.

"నాకు స్కూటీ ఉండాది సార్."

"దారి కూడా బాగుండదు. ఆ కాలం పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు."

"మీ అక్క ఆ ఊర్లోనే ఉండాది కదా సార్? నాలుగో ఇంటర్వ్యూలో మీరే సెప్పినారు."

ఇంటర్వ్యూలు ఎక్కువ ఇవ్వకూడదని నాకు అప్పుడు తెలిసింది. సంతకం తర్వాత పెడతానని చెప్పి కట్ట ఉంచుకున్నాను. ఆ అమ్మాయి స్కూటీ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, మా ఊళ్ళో ఎవరెవరు బతికున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఒక రచయిత చేయదగ్గ లెక్క కాదది.

మాది పాకాల పక్కన చిన్న పల్లె. నాయన చెరకు వేసేవాడు. గానుగ ఆడే నెలల్లో మా ఇంట్లో దుప్పటి కప్పుకున్నా, పుస్తకం తెరిచినా బెల్లం పాకం వాసనే. బడిలో నా పక్కన కూర్చునేందుకు పిల్లలకంటే ఈగలు ఎక్కువ ఇష్టపడేవి. అవ్వ అందరికంటే ముందు లేచి పొయ్యి ముట్టించేది. ఎసట్లో రాగిపిండి వేసి, కుండను రెండు పాదాలతో అదిమి పట్టి సంగటి కెలికేది. ఆ కర్ర చప్పుడే మాకు ఆమె గొంతు. తర్వాత రోట్లో శెనక్కాయల ఊరిబిండి. వేయించిన శెనక్కాయలూ ఎండుమిరపకాయలూ చింతపండూ కలిసి నలుగుతున్నప్పుడు వచ్చే ఆ వాసనే మమ్మల్ని పిలిచేది. ఆమె పిలవాల్సిన పని ఉండేది కాదు. ఆకలి అంటే గిన్నె ముందుకు జరిపేది. జ్వరం అంటే నుదురు తాకి మిరియాల కషాయం కాచేది. తప్పు చేస్తే చూసేది. ఊళ్ళో తగాదాలన్నీ గొంతు చించుకుని తీర్చే మా నాయన, ఇంట్లో అవ్వ నాలుకతో 'చ్' అంటే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని గమ్మున పొలానికి వెళ్ళిపోయేవాడు. తిరుపతిలో పత్రిక ఉద్యోగం వచ్చిందని నేను ఎగురుకుంటూ వచ్చి చెప్పిన రోజున ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి అన్న మాట ఒక్కటే. "సంగటి తినినావా?" ఆ రోజుకు అదే ఆమె సుదీర్ఘ ప్రసంగం.

ఇక ఆ ఉద్యోగం సంగతి. అది ఒక దినపత్రిక జిల్లా డెస్కు, బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద. మండలానికొక విలేకరి ఉండేవాడు. ఎవరికీ అదొక్కటే పని కాదు. ఒకాయన దర్జీ, ఒకాయనకు ఫోటో స్టూడియో, ఇంకొకాయనకు ఎరువుల అంగడి. వార్తలు రెండు దారుల్లో వచ్చేవి. ఒకటి బస్సులో పంపే కవరు. డ్రైవరు సీటు వెనక ఇరికించి పంపేవాళ్ళు. దాన్ని చింపితే వార్తకంటే ముందు డీజిలు వాసనో, పక్కన పెట్టిన మల్లెపూల బుట్ట వాసనో బయటికి వచ్చేది. సూళ్ళూరుపేట వైపు నుంచి వచ్చే కవరుకు ఎండుచేపల వాసన. రెండోది ఫోను. డెస్కులో కొత్తగా చేరినవాడికి ఎప్పుడూ ఫోను కుర్చీయే ఇచ్చేవాళ్ళు. రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, విన్నది విన్నట్టు రాసుకుని, దాన్ని పత్రిక భాషలోకి తిప్పి ఇవ్వాలి. మూడేళ్ళు ఆ పని చేసినందుకు నా మెడ ఇప్పటికీ కొంచెం ఎడమకే వాలి ఉంటుంది. సినిమావాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

మునిరత్నం పాకాల విలేకరి అయింది రాయడం వచ్చి కాదు, ఫోను ఉండి. కాట్పాడిలో మేనమామ ఇంట్లో ఉండి అరవంలో చదువుకున్నవాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు కానీ రాయలేడు. అందుకని సాయంత్రం ఆరు కాగానే తన బూత్‌లో తానే కూర్చుని డెస్కుకు ఫోను చేసేవాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మొదటి రోజు నుంచే అన్నా అనే పిలిచాను.

"రాసుకోబ్బా, సీక్రం. ఒకటో ప్లాట్‌ఫారంలో కొళాయి ఉండాది. తిప్పితే నీళ్ళు రావు, గాలొస్తాది. నిన్న ఒకాయన ఆ గాలితోనే ముఖం కడుక్కోని, తువ్వాలుతో తుడుసుకోని రైలెక్కి పొయినాడు. అలవాటయిపొయినాది జనానికి."

"అధికారులు ఏమంటున్నారన్నా?"

"స్టేషన్ మాస్టర్ను అడిగినా. పైనుంచి రావాల అనినాడు. యాది సార్, నీళ్ళా, ఉత్తర్వా అనినా. రెండూ అనినాడు."

మరుసటి రోజు పత్రికలో వచ్చింది ఇది: పాకాల రైల్వే స్టేషన్‌లో తాగునీటి ఎద్దడితో ప్రయాణికులు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు, సంబంధిత అధికారులు తక్షణమే స్పందించాలని వారు కోరుతున్నారు. రాసింది నేనే. నాకే ఆవలింత వచ్చింది. ఆరింటికి ఫోను.

"ఏమబ్బా, నేను సెప్పిన మనిషి యాడ పొయినాడు? ముఖం కడుక్కున్నాయన?"

"ఆయన వార్తలో పట్టడన్నా."

"అంత లావు మనిషి కాదే!"

అలా రోజూ ఒకరిద్దరిని వార్తలోంచి తోసేస్తూ వచ్చాను. పూర్తిగా పారేయబుద్ధి కాక, నోటు పుస్తకంలో ఎడమ పేజీలో పత్రికకు కావలసింది, కుడి పేజీలో మునిరత్నం అన్నది అన్నట్టు రాసి పెట్టేవాణ్ణి. ఎప్పుడో పనికొస్తుందన్న ముందుచూపేమీ లేదు. ఆయన మాట్లాడుతుంటే చెయ్యి ఆగేది కాదు. మధ్యలో కాట్పాడి ప్యాసింజరు కూత వేస్తే "ఉండు, బండి పోనీ" అని ఆగేవాడు. బండి పోయేదాకా నేనూ పెన్ను ఎత్తి పట్టుకుని ఆగేవాణ్ణి. నవ్వు వచ్చే మాటకు ముందు ఎంతసేపు ఆగాలో నేను ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. ఆ రైళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

ఒక సాయంత్రం ఆఖరి నిమిషంలో ఒక ప్రకటన వెనక్కి పోయి, జిల్లా పేజీలో అరచేయంత ఖాళీ మిగిలింది. ప్రెస్సువాళ్ళు తొందర పెడుతున్నారు. అప్పుడే మునిరత్నం ఒక మామిడికాయల లారీ బోల్తా పడిన కథ చెప్పి ఫోను పెట్టాడు. తిప్పి రాసే సమయం లేదు. కుడి పేజీలో ఉన్నది ఉన్నట్టే చింపి ఇచ్చేశాను. "డ్రైవర్ను లేపేదానికి నలుగురు మనుషులొచ్చినారు. కాయల్ను లేపేదానికి నాలుగూర్లొచ్చినాయి. డ్రైవరు గట్టుమీద కూచోని, 'పచ్చివప్పా, ఇంకా పండలా, కడుపునొప్పొస్తాది' అని వాళ్ళకే జాగర్తలు సెప్తా ఉండాడు." ఇంకా రెండు వాక్యాలు, అంతే.

మరుసటి రోజు ఆఫీసు ఫోను ఆగలేదు. మదనపల్లె నుంచి, పుత్తూరు నుంచి, ఎవరెవరో చేశారు. మా ఇన్‌ఛార్జి ఎప్పుడూ నవ్వని మనిషి. ఆయన ఆ పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఎవరిదయ్యా ఇది?"

"పాకాల ఫోను సార్."

"ఫోను సంగతి తెలుసు. రాసింది ఎవరు?"

"నేనే సార్."

రాసింది నేనే కదా, చేతిరాత నాదే కదా అని ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన అడిగింది చేతిరాత గురించి కాదని ఆ నిమిషంలోనే తెలుసు. ఇంకొక్క మాట అనాల్సింది. నోట్లోకి వచ్చింది కూడా. ఆయన నా భుజం తట్టాడు. భుజం తట్టాక ఆ మాట లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నుంచి 'జంక్షన్ కబుర్లు' అనే శీర్షిక మొదలైంది, పైన నా పేరుతో.

సోమవారం మునిరత్నం ఫోను. "బాగుండాదబ్బా. నీ పేరొకటే పడినాదే?"

"విలేకరుల పేర్లు శీర్షికల్లో వేయరన్నా. రూలు." అలాంటి రూలు ఏ పత్రికలోనూ లేదు. అప్పటికప్పుడు నేనే పెట్టాను.

పెద్దగా నవ్వాడు. "మంచి రూలే. లారీ ఓనరు కట్టె తీసుకోనొస్తే పేరు సూసుకోని నీకాడికే వస్తాడు. నేను ఈడ గమ్మున టీ తాగతా కూచుంటా."

ఆ తర్వాత నా బతుకు ఎలా నడిచిందో చెప్పడం సులువు, ఎందుకంటే నేను నడిపింది తక్కువ. శీర్షిక చూసి హైదరాబాదులో ఆదివారం అనుబంధానికి పిలిచారు. శీర్షికలోని కబుర్లకు తలా తోకా పెడితే కథలయ్యాయి. కథలు పుస్తకమయ్యాయి. పుస్తకం ఒక దర్శకుడి చేతిలో పడి సినిమా అయింది. కథా చర్చల్లో అందరూ గది పైకప్పు చూస్తూ "ఇక్కడ ఒక మంచి మాట పడాలి" అంటున్నప్పుడు, నేను బయటికి వెళ్ళి సిగరెట్టు తాగినట్టు నటించి, సంచిలోని నోటు పుస్తకం కుడి పేజీలు తిరగేసి వచ్చేవాణ్ణి. అప్పటికప్పుడు పుట్టిస్తాడని పేరు. మామిడికాయల మాటకు థియేటర్లు ఊగిపోయాయి. పుస్తకం వచ్చినప్పుడు ఎవరెవరికో పంపాను. పాకాలకు పంపలేదు. పంపితే కూడబలుక్కుని చదువుతాడని భయం.

మొదటి టీవీ ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చింది. "ఈ భాష మీకు ఎలా అబ్బింది?" అడిగిన ఆమె ముఖం చూస్తుంటే నాకు పాకాల బూత్ అద్దాల తలుపు కనపడింది. నోట్లోంచి మాత్రం "మా అవ్వ" అని వచ్చింది. ఆమె ముఖం వెంటనే మెత్తబడింది. అవ్వ అంటే ఇక రెండో ప్రశ్న ఉండదు. ఫోన్ బూత్ మునిరత్నం అంటే ఉంటుంది: "మరి మీరేం చేశారు?" ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. అబద్ధం నోటికి అలవాటయ్యాక పెరగడం మొదలుపెట్టింది. మొదటి ఇంటర్వ్యూలో అవ్వ ఊరికే మాట్లాడింది. మూడో ఇంటర్వ్యూలో సంగటి కెలుకుతూ ఊరందరినీ ఎగతాళి చేసింది. ఐదో ఇంటర్వ్యూకు వచ్చేసరికి పక్క ఊళ్ళ నుంచి జనం ఆమె మాటలు వినడానికి వచ్చేవాళ్ళు. ఆ రోజే అక్క ఫోన్ చేసింది.

"ఒరే, ఆ అవ్వ ఎవర్రా?"

"మన అవ్వే."

"మన అవ్వ నాకు తెలీదా? ఆమె అంత మాట్లాడినాదంటే తాత ఇంకో నాలుగేండ్లు బతికేవాడు, పొద్దుపోక సచ్చినాడు పాపం. నిజం సెప్పు, తాతకి ఇంకో సంసారం గానీ ఉండిందా?"

నేను నవ్వి తప్పించుకున్నాను. అక్క కూడా నవ్వింది, కానీ ఫోను పెట్టే ముందు "పెద్దోళ్ళ పేరుతో ఆటలు ఆడొద్దురా" అంది. ఆ మాటను కూడా తర్వాత ఒక సినిమాలో వాడుకున్నాను.

హేమావతి పది రోజుల తర్వాత వచ్చింది. ఈసారి గుమ్మంలోంచి కేక వేయలేదు. లోపలికి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత నావైపు చూసింది.

"ఊర్లో ఏడు మందిని అడిగినా సార్. ఏడు మందీ ఒకటే మాట. మీ అవ్వ మాట్లాడేది కాదంట."

నేను ఆమె ఖాళీ గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాను.

"మీ అక్కను అడిగితే నగి నగి కండ్లు తుడుసుకున్నాది. కాఫీ ఇచ్చినాది. 'ఆ సంగతి వాణ్ణే అడుగు పాపా' అనినాది. సార్, ఈ నెలాఖరుకు నేను సమర్పించాల. మీరు సంతకం పెడితే లైబ్రరీలో ఉండిపోతాది, నా ఎనక సదివేటోళ్ళంతా అదే రాస్తారు. పెట్టకపోతే నాకు అధ్యాయమే ల్యా. ఆ మాటలు ఎవరివి సార్?"

చెప్పాను. కొళాయి, లారీ, ఇన్‌ఛార్జి, లేని రూలు, అన్నీ. చివరికి లోపలికెళ్ళి నోటు పుస్తకాలు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె ముట్టుకోలేదు.

"ఆయన ఉండాడా సార్?"

"ఉన్నాడు. పాకాలలోనే."

"ఆయనకి సెప్పినారా?"

"లేదు."

"ముందు నాకు సెప్తే ఏం లాభం సార్?" అని బల్ల మీది తన కట్ట తీసి సంచిలో పెట్టుకుంది. "నేను రాసుకునేది తర్వాత. మీరు పొయ్యిరండి."

వయసులో నా కూతురంత పిల్ల. నేను మాటలు రాసిన పెద్ద పెద్ద నటులు ఎవరూ ఒక్క వాక్యంతో నన్ను కుర్చీలోంచి లేపలేదు.

మరుసటి రోజే తిరుపతిలో రైలెక్కాను. గంటకు కొంచెం ఎక్కువ ప్రయాణం. దారిలో మూడు రకాల క్షమాపణలు రాసుకుని, మూడూ కొట్టేశాను. నా ఎదుట కూర్చున్న కుర్రాడు ఏదో పత్రిక విలేకరిలా ఉన్నాడు. కాలవ గట్టు తెగిన వార్తను ఫోన్లో టకటక కొట్టి, ఫోటో జత చేసి, తలెత్తకుండానే పంపేశాడు. నేను నాలుగు స్టేషన్లు చూస్తూ కూర్చున్నాను. అతను ఎవరికీ ఫోను చేయలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మా రోజుల్లో ఆ వార్త ఒక మనిషి నోట్లోంచి బయలుదేరి ఇంకొక మనిషి చెవిలో పడితే గానీ కాగితం మీదికి వచ్చేది కాదు. మధ్యలో దగ్గు, నవ్వు, "ఇను ఇను" అనడాలు. అవన్నీ తీసేయడమే నా ఉద్యోగమని అప్పట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు తీసేయడానికి ఏమీ మిగల్లేదు. కథా చర్చల్లో నా దగ్గర పనిచేసే పిల్లలు "చిత్తూరు యాస కావాలి సార్" అని ఇంటర్నెట్లో వెతుకుతారు. వాళ్ళకు అక్కడ దొరికేవి నా సినిమాలే. అంటే మునిరత్నమే, మూడో చేతిలో. అయితే ఆ కాలమే గొప్పదని అనలేను. దొంగతనం అప్పుడే సులువు. రికార్డింగు లేదు, సాక్ష్యం లేదు. ఇప్పుడైతే ఆ కుర్రాడి ఫోన్లో అన్నీ ఉంటాయి.

బూత్ ఇప్పుడు జిరాక్స్ అంగడి. మునిరత్నం మిషను దగ్గర ఎవరివో పట్టా కాగితాలు పెడుతున్నాడు. మనిషి సన్నబడ్డాడు. మేమిద్దరం ఎదురెదురుగా చూసుకున్నది ఆ రోజుల్లో కూడా రెండు మూడు సార్లే.

"ఎన్ని కాపీలు?" అన్నాడు తలెత్తకుండా.

"అన్నా, నేను. తిరుపతి డెస్కు."

మిషను మూత అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "గొంతు మారలేదబ్బా. తల మారిపొయినాది. కూచో. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, గోడకానించి కూచో."

కూర్చున్నాను. కొట్టేసిన మూడు క్షమాపణల్లో గుర్తున్న ముక్కలు అతికించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కాపీలు తీస్తూనే విన్నాడు. నేను ఆగాక కాగితాలు కొట్టి సరిచేసి అన్నాడు. "మాటలు తీసుకున్నందుకా ఇదంతా? దానికేముండాది. ఫోను పెట్టేస్తే గాల్లో పొయ్యేటివి. నువ్వు రాసి పెట్టినావు. దానికి నేనే నీకు టీ ఇప్పియ్యాల."

నా గుండె తేలికపడింది. తొందరపడి పడింది.

"అయితే ఇంకోటుండాది" అన్నాడు. "మొదటి సినిమా వచ్చినప్పుడు ఈ బజార్లో పన్నెండు మందిని చిత్తూరుకు పిలుసుకోని పొయినా. హాల్లో కూచోని, తెర మింద వాడు అనకముందే నేను అనేది. ఇది నాది, ఇది కూడా నాదే అని. నమ్మినారు. నెల దినాలు రాజా మాదిరి ఉన్నా. ఆమీట నువ్వు టీవీలో వస్తివి. టీ అంగట్లో అందరం సూస్తా ఉండాము. 'మా అవ్వ' అంటివి. అంగడంతా నా తట్టు తిరిగినారు."

నేను నేలవైపు చూస్తున్నాను.

"ఆ పొద్దు నుంచి ఈడ నా పేరు అవ్వ. అవ్వ మునిరత్నం. మా ఇంటామె కూడా 'నీకెందుకయ్యా ఆ ఎచ్చులు' అనినాది. ఆమె పొయ్యేదాకా నమ్మలా. నేను నోరు తెరిస్తే సాలు, 'అవ్వ సెప్తా ఉండాది, ఇనండ్రా' అంటారు. ఇంగ ఎందుకులే అని మాట్లాడేది తగ్గించినా." మిషను ఆపేసి, "ఇంకోటబ్బా. అన్ని సినిమాలు రాసినావే, నా మాటలు మాట్లాడినోడు ఒక్కడన్నా హీరో అయినాడా? అంతా విలన్ బామ్మర్దులే" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పలకని మా అవ్వను ఊరూరా పలికించాను. ఆ పుణ్యానికి, బండి కూత వేస్తే తప్ప ఆగని మనిషి నోరు కట్టేశాను. ఇది నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ఫోను చేసి ఉంటే చాలు. ఆయన నంబరు మారలేదు కూడా.

"తప్పయిపోయిందన్నా, మన్నించు" అన్నాను.

"ఈడ కాదబ్బా. ఈడ ఉండేది నువ్వూ, నేనూ, మిషను. నాకు తెలిసిందే నాకు సెప్తే ఏమొస్తాది? ఆ టీ అంగడికాడ సెప్పు."

చెప్పులు వేసుకుని ఆయనే ముందు నడిచాడు. టీ అంగడి ముందు బెంచీల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. "ఏం అవ్వా, సుట్టాలొచ్చినారా?" అన్నాడు ఒక పంచెకట్టు ఆయన. మునిరత్నం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"నేను సినిమాలకు మాటలు రాస్తానండీ" అన్నాను.

"మాటలు రాసేదేంది? వాళ్ళే మాట్లాడతారు కదా?" అన్నాడు పంచెకట్టు ఆయన. నా పేరు చెప్పాను. ఎవరికీ తెలియలేదు. సినిమాల పేర్లు చెప్పాను. సినిమాలు తెలుసు, నేను తెలియను. నేను ఎవరో తేలకపోతే నా క్షమాపణకు విలువ లేదు. ఎవరైనా గుర్తుపట్టాలని నేను అంతగా కోరుకున్నది జీవితంలో అదే మొదటిసారి. చివరికి ఒకతను ఫోన్లో వెతికి నా పాత ఇంటర్వ్యూ పట్టుకున్నాడు. తెరనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఈయనేనా? ఇందులో జుట్టుండాదే."

"నేనేనండీ."

"గమ్మునుండండి, ఇందాం" అని ఫోను గొంతు పెంచాడు. అందులోంచి నా గొంతే వచ్చింది, పాతికేళ్ళు చిన్నది, చాలా తియ్యగా ఉంది. మా అవ్వ సంగటి కెలుకుతూ అనేదండీ, అని ఒక మాట. దాని తర్వాత ఇంకొకటి. అందరూ విన్నారు. టీ కాచే ఆయన స్టవ్వు తగ్గించి మరీ విన్నాడు. మునిరత్నం చేతులు కట్టుకుని రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. అది అయిపోయేదాకా నేను అక్కడ నిలబడవలసి వచ్చింది. నా ఇంటర్వ్యూ అంత పొడుగని నాకు తెలియదు.

అయిపోయాక అందరూ నావైపు చూశారు. నేను చెప్పాను. ఏం చెప్పానో నాకే సరిగ్గా వినపడలేదు, అంత నెమ్మదిగా చెప్పాను.

"ఈ మూలకి ఇనపడలా సార్" అన్నాడు చివరి బెంచీ మీద ఉన్న ముసలాయన. "గట్టిగా సెప్పండి."

పత్రిక భాష, సినిమా భాష, ఇంటర్వ్యూ భాష, ఒక్కటీ నోటికి రాలేదు. ఊరు వదిలాక నేను ఎవరి ముందూ మాట్లాడని మా ఇంటి మాటే వచ్చింది.

"నేను టీవీలో సెప్పింది అబద్దం. మా అవ్వ ఆ మాటలు ఒక్కటీ అనలా. అన్నీ మునిరత్నమన్నవే. ఆయన మీకు మొదట సెప్పింది నిజం. నేను దొంగిలించుకోని పొయ్యి, ఆయన్ని మీ ముందర ఎచ్చులోణ్ణి చేసినా. అన్నా, తప్పు నాది. వీళ్ళందరి ముందర అడగతా ఉండా. నన్ను మన్నించు."